మానుతున్న గోడ

సర్వేయరు వచ్చేలోగా గోడ మానిపోకూడదు. ఆ వానాకాలం నా బతుకంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగింది. పొద్దున్నే లేవడం, మొహాన నాలుగు నీళ్ళు కొట్టుకోవడం, ఉలీ సుత్తీ పట్టుకుని వెనక గదిలోకి పోవడం, తెల్లారేలోపు కొంత పూడుకుపోయిన పగులును మళ్ళీ తెరవడం. కాఫీ కూడా ఆ తరవాతే. వీధిలో ఆడవాళ్ళందరూ వాకిళ్ళు ఊడుస్తుంటే నేను గోడ పగలగొట్టేదాన్ని. అదీ నా సొంత గోడ.

సుత్తి దెబ్బ పడగానే మా ఆయన శేషగిరి ముందు గదిలో చెవులు మూసుకుని కూచునేవారు. ఆయన రాజమండ్రిలోనే ఒక ఇంజనీరింగు కాలేజీలో మేష్టారు. ఈ గోడ ఆయన కనిపెట్టింది. సున్నంలో కంటికి కనిపించని జీవాలను కలిపారు. గోడ బీట వారి లోపలికి తడి తగిలిందంటే అవి నిద్ర లేస్తాయి, తింటాయి, తిన్నదాన్ని రాయిలా గట్టిపడే సున్నంగా వదులుతాయి. బీట పూడుకుపోతుంది. మోకాలి మీద దెబ్బ తగిలితే పక్కు కట్టి మానినట్టే. ఆయన దానికి 'సజీవ సున్నం' అని పేరు పెట్టుకున్నారు. నేను పెంపుడు గోడ అనేదాన్ని. నాకు పిల్లల్లేరు కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది, ఇంకెవరైనా అంటే ఊరుకునేదాన్ని కాదు.

ఊళ్ళో మొదటిసారి ఆ సున్నంతో కట్టిన ఇల్లు మాదే. మూడేళ్ళు గోడ మీద గీత పడితే ఒట్టు. మేకు కొడితే వారానికి మేకును బయటికి తోసేసేది. పెళ్ళినాటి ఫొటో తగిలించడానికి నేను పడ్డ తిప్పలు ఆ దేవుడికే తెలుసు.

తరవాత వరద వచ్చింది. గోదావరి గట్టు దాటలేదు కానీ, నిండుగా పారేసరికి డ్రైనేజీ నీళ్ళు వెనక్కి తన్నాయి. మా వీధి రెండు రోజులు మోకాలి లోతు నీళ్ళలో ఉంది. నీళ్ళు తీశాక చూస్తే వెనకవైపు నేల కుంగింది, ఆ గది గోడ పైనుంచి కిందిదాకా చెయ్యి దూరేంత విచ్చుకుంది, శ్లాబు ఓ మూలకి వాలింది. వంటిల్లు కూడా అటే. సామాను మోసుకొచ్చి ముందు గదిలో పడేశాం. వరండాలో గ్యాసు పొయ్యి పెట్టుకుని, వీధిలో వెళ్ళేవాళ్ళందరికీ మా ఇంట్లో కూరేమిటో తెలిసేలా వండుకు తిన్నాం.

ఇంటికి బీమా ఉంది, అదొక్కటే ధైర్యం. కంపెనీకి ఫోను చేస్తే చక్కగా మాట్లాడారు. ఫొటోలు పంపండి, సర్వేయరు వచ్చి చూసేదాకా దేన్నీ ముట్టుకోకండి, బాగుచేయించకండి అని చెప్పారు. సరే అన్నాను. మేం ముట్టుకోం సరే, గోడకి ఎవరు చెబుతారు?

వారం తిరక్కుండా పగులు వేలు పట్టేంతకి వచ్చింది. ఇంకో నాలుగు రోజులకి పెన్సిలు గీతంత అయింది. కుంగిన నేల కుంగినట్టే ఉంది, వాలిన శ్లాబు వాలినట్టే ఉంది, గోడ మాత్రం ఏమీ ఎరగనట్టు నున్నగా తయారవుతోంది. కంపెనీ వాళ్ళు మళ్ళీ ఫొటోలు అడిగితే పంపాను. మర్నాడు ఒక అమ్మాయి ఫోను చేసి, మేడమ్, ఈ రెండు ఫొటోలూ ఒకే గోడవి కావు, దయచేసి సరైనవి పంపండి అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అదే గోడ తల్లీ, మానుతోంది అన్నాను. మానుతోందంటే రిపేరు చేయించారా మేడమ్ అని అడిగింది. ఆ అమ్మాయి తప్పేం ఉంది, గోడలు మానడం వాళ్ళమ్మ కూడా విని ఉండదు.

అప్పటినుంచి మొదలైంది నా ఉలి ఉద్యోగం. వరద వల్ల జరిగిన నష్టానికైతే డబ్బిస్తారు, కట్టడానికి వాడిన కొత్త సరుకులోనే లోపముంటే పైసా ఇవ్వరు అని పాలసీలో రాసి ఉంది. అందుకని వరద చేసిన దెబ్బ కంటికి కనబడుతూ ఉండాలి. లేకపోతే పునాది నుంచి మళ్ళీ కట్టించే తాహతు మాకు లేదు. మా ఆయన జీతమంతా ఆ సున్నంలోనే కలిసిపోయిందని వేరే చెప్పాలా.

ఆయన ప్రయోగశాల కాలేజీ వెనక రేకుల షెడ్డు. లోపలికి అడుగుపెడితే పెళ్ళివారింట్లో అరిసెల పాకం పడుతున్నట్టు వాసన. ఆ జీవాలకి పెట్టాల్సిన అసలు తిండి సీసాల్లో వస్తుంది, దాని ధర వింటే కళ్ళు తిరుగుతాయి. అది మేం కొనివ్వలేం అన్నారు కాలేజీ వాళ్ళు. మా ఆయన ఊరుకోలేదు. బజారుకి పోయి అనకాపల్లి బెల్లం దిమ్మలు తెచ్చి నీళ్ళలో కరిగించి పోశారు. సీసాలో తిండి తిన్నప్పుడు నీరసంగా ఉన్న జీవాలు బెల్లానికి లేచి కూచున్నాయట. అప్పటినుంచి తరతరాలుగా బెల్లం మీదే పెంచారు వాటిని. తిండి మార్చి చూశారా అని ఒకసారి అడిగితే, బాగా తింటున్న పిల్లాడికి ఎవరైనా తిండి మారుస్తారా అన్నారు.

మా పక్కిల్లు నూర్జహాన్‌ది. జాకెట్లు కుడుతుంది. భర్త పోయి ఐదారేళ్ళయింది. ఉన్న ఒక్క పొడవాటి గదే కొట్టు, అదే పడకగది. అది వాళ్ళ తాతల నాటి ఇల్లు. మా వెనక గది గోడా, ఆమె గది గోడా వీపులు ఆనించుకుని నిలబడి ఉంటాయి, మధ్యలో వేలు పెట్టే సందు కూడా లేదు. నాకంటే పదేళ్ళు చిన్నది. నేను ఉత్తినే కసురుకున్నా నవ్వే మనిషి. వరదలో నా సామాను మోసింది ఆమే, ఆమె మిషను మోసింది నేను.

సోమవారం పొద్దున ఉలి పని ముగించుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. గుడ్డలు దులుపుతోంది. పట్టు జాకెట్టు మీద గోధుమపిండి చల్లినట్టు తెల్లటి పొడి. రోజూ ఇదే గొడవ, పొద్దున్నే మరీ ఎక్కువ, బేరాలు పోతున్నాయి అని వాపోయింది. వరద తడికి గోడ ఉబ్బిందనుకుంటోంది. మంచం పక్కన అద్దం తగిలించిన మేకు దానంతటదే ఊడి పడిందట. ఏదీ చూద్దామని గోడ మీద చెయ్యి వేశాను. నొక్కనైనా లేదు. బొటనవేలు లోపలికి దిగిపోయింది. తీస్తే వేలంతా పొడి.

"మీ గోడ ఎన్నిసార్లు కొట్టినా మానిపోద్దంట కదక్కా. ఆ మందేదో మా గోడకీ కాస్త రాయమని చెప్పవా అన్నయ్యకి," అంది నూర్జహాన్.

చెబుతాలే అన్నాను. వేలి మీద పొడి తుడుచుకోలేదు. ఏదో తేడాగా ఉంది. ఆ పొడి ఇంకొంచెం గుప్పిట్లో పట్టుకుని ఇంటికొచ్చి, చిన్న డబ్బాలో వేసుకుని, ఆటో ఎక్కి రేకుల షెడ్డుకి పోయాను.

మా ఆయన ఆ పొడిని గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూశారు. చూస్తూనే ఉన్నారు. ఏమిటండీ అని రెండుసార్లు అడిగాను. మూడోసారి లేచి కుర్చీ నాకు ఇచ్చారు. నాకేం తెలుస్తుంది, చిన్న చిన్న కడ్డీల్లాంటివి కదులుతున్నాయి. మనవే అన్నారు.

తరవాత ముక్కలు ముక్కలుగా చెప్పారు. నూర్జహాన్ ఇల్లు గానుగ సున్నంతో కట్టింది. పాతకాలంలో గట్టిదనం కోసం ఆ సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసేవారు. ఇన్నేళ్ళయినా ఆ తీపి ఎక్కడో మిగిలి ఉంది. మా గోడలో పెట్టిన మేత ఎప్పుడో అయిపోయింది. వరద తడికి దారి దొరికి, అవి పక్క గోడలోకి పాకాయి. అక్కడి బెల్లం తిని పులుపు వదులుతున్నాయి, ఆ పులుపుకి ఆమె గోడలోని సున్నం కరిగిపోతోంది, కరిగిన సున్నం తడిలోంచి ఇటు వచ్చి మా పగులులో పేరుకుంటోంది. ప్రయోగశాలలో వందసార్లు పరీక్ష చేశారు కానీ, బెల్లం పోసిన గోడ పక్కన పెట్టి ఒక్కసారీ చూడలేదు.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పగులు తెరిస్తేనే కదా వాటికి పని. నేను తెరిచిన ప్రతి పగులూ ఆమె గోడలోంచే పూడుకుంది. పొద్దున్నే పొడి ఎక్కువ రాలుతోందంటే, పొద్దున్నే ఇవతల కొడుతున్నది ఎవరు మరి. కాఫీ కూడా తాగకుండా, బుద్ధిగా, రోజూ లేచి ఆ పిల్ల గోడ కూలుస్తున్నాను.

ఇప్పుడే వెళ్ళి చెప్పేద్దాం పదండి అన్నాను. ఆయన లేవలేదు. సర్వేయరు గురువారం వస్తున్నాడని కంపెనీ నుంచి ఆ పూటే కబురు వచ్చిందట. చెబితే వీధికి తెలుస్తుంది, వీధికి తెలిస్తే సర్వేయరుకి తెలుస్తుంది. సరుకులో లోపముందని రాసేస్తాడు, మన క్లెయిము అంతటితో సరి. పైగా ఈ సున్నం పేరు ఎత్తితే జనం రాళ్ళేస్తారు. గురువారం దాకా ఆగు, ఆ తరవాత ఆమె గోడ నేనే దగ్గరుండి కట్టిస్తాను, ఒట్టు అన్నారు. పదకొండేళ్ళ కష్టం ఆయనది. నేను చూసిన మనిషే కదా, పండక్కి బట్టలు కొనుక్కోకుండా గాజు సీసాలు కొనుక్కున్న మనిషి.

నాకూ ఇల్లు కావాలి. వరండాలో వంట చేసీ చేసీ విసుగెత్తిపోయింది. వాలిన శ్లాబు ఉన్న ఇంట్లో ఇంకో వానాకాలం గడపడం నా వల్ల కాదు. అందుకని నోరు మూసుకున్నాను. ఎవరి బలవంతమూ లేదు, నేనే మూసుకున్నాను.

మంగళవారం ఉలి పట్టుకోలేదు. అదే పెద్ద త్యాగం అనుకున్నాను. మధ్యాహ్నం వెళ్ళి, మంచం అటువైపు జరుపుకోవే, ఇటు తడిగా ఉంది, జలుబు చేస్తుంది అన్నాను నూర్జహాన్‌తో. అటు మిషను ఉంది, ఎక్కడికి జరపనక్కా, పండగ జాకెట్లు పీకల మీదున్నాయి అంది. ఒక పూట మా వరండాలో పడుకోరాదూ అన్నాను. నీ వరండాలో నీకే చోటు లేదు కదా అని నవ్వింది. ఇంకా గట్టిగా చెప్పొచ్చు. చెప్పలేదు. ఇంటికొచ్చి గోడకి చెవి ఆనించి కూచున్నాను. అవతల మిషను చప్పుడు మామూలుగా కాదు, నా పక్కనే కుడుతున్నంత దగ్గరగా వినబడుతోంది.

బుధవారం అన్నం సయించలేదు. గదిలోంచి వరండాలోకీ, వరండాలోంచి గదిలోకీ తిరుగుతూనే ఉన్నాను. కూచోవే వసుంధరా, నన్ను చూడనివ్వు అని ఆయన అరిచారు. ఏం చూస్తున్నారయ్యా అంటే గోడని. పగులు ఎంత త్వరగా పూడుతోందో గీతలు పెట్టుకుంటున్నారు. సాయంత్రానికి గీతలు పెట్టడానికి పగులు మిగల్లేదు.

గురువారం పొద్దున సర్వేయరు అప్పలనర్సయ్య గారు వచ్చారు. శ్రీకాకుళం వైపు మనిషి, పెద్దాయన, చెప్పులు వీధిలోనే విప్పి లోపలికి వచ్చారు. మంచినీళ్ళు ఇస్తే నిలబడే తాగారు. నేల చూశారు, శ్లాబు చూశారు, గోడ చూశారు. మళ్ళీ ఫోనులో ఫొటో చూసి, మళ్ళీ గోడ చూశారు.

"ఏటి మేస్టారూ, ఫొటోలో సెయ్యి దూరేంత బీట ఉంది. ఇక్కడ నున్నగా ఉందేటి?" అన్నారు.

మా ఆయన నా వైపు చూశారు. ఉలీ సుత్తీ కిటికీలోనే ఉన్నాయి. రెండు దెబ్బలు చాలు. అయ్యా, ఇది మానే గోడ, ఇదుగో లోపల చూడండి అని రెండు దెబ్బలు వేస్తే పాత పగులు ఉన్నచోటే తెరుచుకుంటుంది, నేల కుంగిన ఆనవాలు తెలిసిపోతుంది, అబద్ధం కూడా కాదు. మా క్లెయిము నిలబడుతుంది. ఆయన అటు నడిచి సుత్తి అందుకున్నారు. ఉలి పగులు ఉన్న చోట ఆనించారు. అవతల మిషను కుడుతోంది. టకటకా, టకటకా, ఆగి, మళ్ళీ టకటకా.

"కొట్టకండి," అన్నాను.

ఆయన ఆగారు. చెయ్యి అలాగే లేచి ఉంది. నేను వెళ్ళి సుత్తి తీసుకోలేదు, ఆ మాట దాచను. ఆయనే దించారు. దించి, గోడకి వీపు ఆనించి కింద కూచుండిపోయారు. సర్వేయరు గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. పక్కింటికి రండి, చూడాల్సిన గోడ అక్కడుంది అని ఆయనతో చెప్పాను.

నూర్జహాన్ మిషను ఆపి లేచి నిలబడింది. ఎవరో పెద్దమనిషి వచ్చాడని కొంగు సర్దుకుంది. అప్పలనర్సయ్య గారు గోడ మీద చెయ్యి వెయ్యలేదు. దగ్గరికి వెళ్ళి వేలి కణుపుతో ఒకసారి తట్టారు, పైన దూలం ఆనిన చోటు చూశారు, వెంటనే రెండడుగులు వెనక్కి వేశారు. అమ్మా, ఈ గదిలో ఇంక ఎవరూ ఉండకూడదు, సామాను తియ్యండి, ముందు ఆ మంచం తియ్యండి అన్నారు. నూర్జహాన్‌కి అర్థం కాలేదు. తడి ఆరాక సున్నం వేయిద్దామనుకుంటున్నానండీ అంది.

అప్పటికి మా ఆయన కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయనే చెప్పారు. పాఠం చెప్పినట్టు చెప్పలేదు. నా సున్నం మీ సున్నాన్ని తినేసిందమ్మా, తప్పు నాదే అని చెప్పారు. సర్వేయరు గారు అంతా విని ఒక కాగితం తీశారు. తరవాత, మేస్టారూ, ఇది కాగితం మీద రాసిస్తే మీ ఇంటి క్లెయిము పోతాది అన్నారు. అయితే మీ ఇంటి వల్ల పక్కవాళ్ళకి నష్టం జరిగితే వాళ్ళకి కంపెనీ కట్టాలని మీ పాలసీలోనే ఉంది, మీరు ఒప్పుకుంటే ఈ అమ్మాయికి ఇల్లు వస్తాది, నేను రాస్తాను అన్నారు. మీది కావాలో, ఈ అమ్మాయిది కావాలో మీరే చెప్పండి, రెండూ నా వల్ల కాదు అన్నారు. మా ఆయన జేబులో పెన్ను కోసం తడుముకున్నారు. దొరకలేదు. సర్వేయరు గారే తనది ఇచ్చారు.

మిషను బల్ల మీదే కాగితం పెట్టుకుని రాశారు. రాస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. ఈ జీవాలు చావాలంటే మా గోడ నిండా ఆమ్లం పోసి కడగాలని, ఆ సాయంత్రమే పోస్తానని అది కూడా రాశారు. పోస్తే మా గోడ ఇక మానదు. పగులు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది, శ్లాబు దించేసి వెనక గదీ వంటిల్లూ వదులుకోవాలి. నాకు ఏడుపు వచ్చింది. ఇల్లు పోయినందుకు వచ్చింది, అది కూడా దాచను. దానితోపాటు ఏదో బరువు దిగినట్టూ అనిపించింది. ఇంక నూర్జహాన్ మొహం చూడగలను, చెప్పేశాం కదా అనుకున్నాను.

ఆమె ఆ గోడనే చూస్తోంది. తరవాత నా వైపు తిరిగింది. మామూలుగానే, గుడ్డ కొలత అడిగినట్టు అడిగింది.

"నీకు ఎప్పుడు తెలిసిందక్కా?"

ఇవాళే అనొచ్చు. మా ఆయన తల ఎత్తారు, ఆయనా అదే అనుకుంటున్నారని ఆ చూపులోనే తెలిసింది.

"సోమవారం," అన్నాను.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకోలేదు. తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్టడం నాకు తెలుసు, తిరిగి ఏడవడం కూడా తెలుసు.

"జలుబు చేస్తుందన్నావు," అంది.

ఆమె పరుపు చుట్టి వీధి అరుగు మీద పెట్టి వచ్చింది. మంచం తలవైపు వంగి పట్టుకుంది. నేను గబగబా వెళ్ళి కాళ్ళవైపు చేతులు వేశాను. ఆమె మంచం కింద పెట్టేసింది. నిటారుగా నిలబడి, నన్ను దాటి నా వెనక్కి చూసింది.

"సార్, ఏమనుకోకండి, అటు పక్క కాస్త పడతారా?" అని సర్వేయరు గారిని అడిగింది.

పెద్దాయన ఫోను జేబులో వేసుకుని ముందుకు వచ్చారు. నేను చేతులు తీసి పక్కకి తప్పుకున్నాను. వాళ్ళిద్దరూ మంచం పట్టుకుని గుమ్మం దాటేదాకా దారి ఇస్తూ నిలబడ్డాను.